వేషం వేద్దాం, వేషధారులం కావద్దు



డిసెంబరు వచ్చిందంటే మన సంఘాల్లో సందడి మొదలవుతుంది. సెమీ క్రిస్మస్ కూటాలు, పాటల ప్రాక్టీసు, ఇంటి ముందు నక్షత్రం కట్టడం, కేరల్స్ రౌండ్లు. వాటితోపాటు ఏటా మాకు తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "అయ్యగారూ, క్రిస్మస్ తాత వేషం వేయడం వాక్యానుసారమేనా? యూత్ పిల్లలు వేస్తామంటున్నారు, పెద్దలు వద్దంటున్నారు. మేం ఎవరి మాట వినాలి?" కొందరు ఇంకా సూటిగా అడుగుతారు. "పండుగ యేసయ్యది. పేరు మాత్రం తాతకు వెళ్తోంది. మన పిల్లలు పశువుల తొట్టిని మరచిపోయి తాత సంచి వైపు చూస్తున్నారు. ఇది మనకెందుకు?"

ఈ ప్రశ్న అడిగేవారిని ఛాందసులని మేము కొట్టిపారేయము. వారి బాధలో నిజం ఉంది. అలాగే మరోవైపు కూడా నిజం ఉంది. ఏడాది పొడవునా సంఘంలో ఎవరి కంటా పడని ఒక యువకుడు ఆ రాత్రి ఎర్ర అంగీ తొడుక్కుని, చెమటతో తడిసిపోతూ, వీధి వీధీ తిరిగి పిల్లల్ని నవ్విస్తాడు. అతడు చేసేది పరిచర్యా, లేక కాలక్షేపమా? ఉంచాలా, తీసేయాలా అని తేల్చే ముందు ఆ వేషం ఎక్కడిది, దానిలో మంచి ఏమిటి, ఎక్కడ దారి తప్పుతుంది అన్నవి తెలుసుకోవడం మేలు.

ప్రభువు వాడిన మాట

మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ప్రభువు ధర్మకార్యం గురించి మాట్లాడుతూ వేషధారులను గద్దించాడు. ఆ మాటకు మూలంలో ఉన్న గ్రీకు పదం 'హుపొక్రితేస్'. ఆ కాలంలో రంగస్థలం మీద ముఖానికి మాస్క్ పెట్టుకుని నటించేవాడిని ఆ పేరుతోనే పిలిచేవారు. మన తెలుగు అనువాదకులు దానికి 'వేషధారి' అనే మాటను ఎంచుకోవడం ఎంత సరిగా కుదిరిందో చూడండి. వేషం వేసుకున్నవాడే వేషధారి.

అయితే ప్రభువు గద్దించింది నాటకాలాడేవారిని కాదు. బీదలకు ఇచ్చేటప్పుడు పదిమందీ చూడాలని బూర ఊదించుకునేవారిని గద్దించాడు. వారి ఒంటి మీద ఏ రంగుబట్టా లేదు, ముఖానికి ఏ మాస్కూ లేదు. భక్తినే వేషంగా వేసుకున్నారు. నలుగురూ తమను చూడాలన్నదే వారి కోరిక. అందుకే ఆయన కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదన్నాడు, రహస్యమందు చూచు తండ్రిని గుర్తుచేశాడు.

ఇప్పుడు క్రిస్మస్ తాతను ఆ మాటల పక్కన నిలబెట్టి చూద్దాం. తాత వేషం వేసినవాడి ముఖం ఎవరికీ కనబడదు. చాక్లెట్ అందుకున్న పాప "తాత ఇచ్చాడు" అంటుందే గాని "ఫలానా అన్న ఇచ్చాడు" అనదు. వేషధారి నలుగురికీ కనబడాలని వేషం వేస్తే, ఇతడు కనబడకుండా ఉండటానికి వేస్తున్నాడు. బట్టలు రెండూ వేషమే, దిశలు మాత్రం వేరు. క్రిస్మస్ తాత విషయంలో మేము చెప్పదలచిన మాట ఇదే. ఇచ్చేవాడిని దాచిపెట్టినంత కాలం ఆ వేషం మంచిది. ఇచ్చేవాడినో, సంఘాన్నో, చందానో పైకెత్తి చూపించడం మొదలుపెట్టిన రోజున అది ప్రభువు గద్దించిన వేషమే అవుతుంది.

మూర పట్టణపు అధ్యక్షుడు

ఈ తాత వెనుక నిజంగా ఒక మనిషి ఉన్నాడు. నాలుగవ శతాబ్దంలో ఆసియా మైనరులోని లుకియ ప్రాంతంలో మూర అనే పట్టణంలో నికొలాసు అనే బిషప్పు ఉండేవాడు. ఈ ఊరు మన బైబిల్లోనే ఉంది. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో పౌలును ఖైదీగా రోమాకు తీసుకువెళ్తున్నప్పుడు ఓడ మారింది ఆ మూర పట్టణంలోనే. నేడది టర్కీ దేశంలో దెమ్రె అనే పేరుతో ఉంది. 1087లో ఇటలీ నావికులు ఆయన అస్థికలను బారి పట్టణానికి తీసుకుపోయారు. డిసెంబరు 6న నేటికీ అనేక సంఘాలు ఆయనను జ్ఞాపకం చేసుకుంటాయి.

ఆయన జీవితం గురించి చరిత్ర చెప్పేది తక్కువ, సంప్రదాయం చెప్పేది ఎక్కువ. ఆ కథల్లో అందరికీ తెలిసినది ముగ్గురు ఆడపిల్లల కథ. ఒక తండ్రి ఆస్తి పోగొట్టుకున్నాడు. కట్నమిచ్చి కూతుళ్లకు పెళ్లి చేసే స్తోమత లేదు. ఆ రోజుల్లో అలాంటి పిల్లల గతి వ్యభిచార గృహమే. నికొలాసు రాత్రివేళ వచ్చి, ఆ ఇంటి కిటికీలోంచి బంగారు నాణేల మూట లోపలికి విసిరి వెళ్లిపోయాడు. పెద్దమ్మాయి పెళ్లి అయింది. రెండవసారి మరో మూట వేశాడు. మూడవసారి ఆ తండ్రి మేలుకుని కాపు కాసి, వెంటపడి పట్టుకున్నాడు. తాను బ్రతికి ఉన్నంత కాలం ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని నికొలాసు అతడిని కోరాడట.

కట్నం మాట వినగానే మన తెలుగు గుండెకు ఈ కథ వేరే దేశపు కథగా అనిపించదు. ఇందులో గమనించవలసినవి మూడున్నాయి. ఇచ్చింది రాత్రివేళ. ఇచ్చింది నిజంగా అవసరమున్న ఇంటికి. ఇచ్చాక కోరుకున్నది ఒక్కటే, తన పేరు బయటికి రాకూడదని. ఎర్ర అంగీ, తెల్ల గడ్డం, రెయిన్ డీర్ బండి ఇవేవీ ఈ కథలో లేవు. అవి తరువాత వచ్చి చేరినవి.

అంగీ ఎలా వచ్చింది

హాలండు ప్రజలు నికొలాసును 'సింటర్‌క్లాస్' అని పిలిచేవారు. ఆ పేరే అమెరికాలో 'శాంటా క్లాస్' అయింది. 1823లో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణపు పత్రికలో రచయిత పేరు లేకుండా అచ్చైన ఒక పద్యం, ఎనిమిది రెయిన్ డీర్లు లాగే బండినీ పొగగొట్టంలోంచి దిగే తాతనూ ఇంటింటికీ పరిచయం చేసింది. 1863 మొదలుకొని థామస్ నాస్ట్ అనే చిత్రకారుడు 'హార్పర్స్ వీక్లీ' పత్రికలో ఆయన బొమ్మలు గీస్తూ వచ్చాడు. తాతకు ఎర్ర రంగు వేసింది కోకా కోలా కంపెనీయే అని చాలామంది అంటుంటారు. అది సరికాదు. 1931లో ఆ కంపెనీ కోసం హాడన్ సండ్‌బ్లోమ్ గీసిన బొమ్మలు తాతను లోకమంతా వ్యాపింపజేసిన మాట నిజమే గాని, ఎర్ర అంగీ తాత అంతకుముందే ఉన్నాడు.

బొమ్మలో ఉన్న తాతను మనిషిగా దుకాణంలోకి తెచ్చిన ఘనత జేమ్స్ ఎడ్గర్ అనే వ్యాపారికి దక్కింది. స్కాట్లాండులో పుట్టి, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం బ్రాక్టన్ పట్టణంలో దుకాణం నడిపిన ఈయన 1890లో తానే ఆ వేషం వేసుకుని పిల్లల మధ్య తిరిగాడు. తరువాత పెద్ద దుకాణాలన్నీ ఆ బాట పట్టాయి. వేషం వేసేవారు పెరిగేసరికి వారికి శిక్షణ అవసరమని గుర్తించి, చార్లెస్ హోవర్డ్ అనే ఆయన 1937లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బియన్‌లో ఒక పాఠశాలనే ప్రారంభించాడు. అది ఇప్పుడు మిషిగన్ రాష్ట్రంలోని మిడ్‌లాండ్‌లో నడుస్తోంది. ఒక్క రాత్రి గడ్డం పెట్టుకోవడానికి బడి ఎందుకని నవ్వుకోవచ్చు. కానీ ఏడుస్తున్న బిడ్డ ముందు ఎలా నిలబడాలో, నెరవేర్చలేని కోరిక కోరిన బిడ్డకు ఏమి చెప్పాలో నేర్చుకోకుండా వచ్చేది కాదు.

మూర పట్టణంలో చీకట్లో మొదలైన మేలు, దుకాణపు దీపాల వెలుగులోకి వచ్చేసరికి సగం వ్యాపారమైంది. మన పెద్దలు తాతను చూసి కలవరపడేది ఈ సగాన్ని చూసే.

తగలబెడితే పోయేదేనా?

ఈ కలవరం మనతోనే మొదలు కాలేదు. క్రిస్మస్‌ను ఆచరించేవారికి ఐదు షిల్లింగుల జరిమానా వేస్తూ 1659లో మసాచుసెట్స్ కాలనీలోని ప్యూరిటన్లు చట్టమే చేశారు. అది 1681లో రద్దయింది. ఆ చట్టం చేసిన నేల మీదనే 1890లో బ్రాక్టన్ దుకాణంలో తాత నడిచాడు. చట్టంతో పండుగ పోలేదు.

ఇంకొకటి ఇటీవలిది. 1951 డిసెంబరు 23న ఫ్రాన్సు దేశంలోని దిజోన్ పట్టణంలో, కతోలిక గురువుల సమ్మతితో, క్రిస్మస్ తాత దిష్టిబొమ్మను కెథెడ్రల్ కంచెకు వేలాడదీసి, ఆవరణలో తగలబెట్టారు. చూడటానికి సుమారు 250 మంది బడిపిల్లలను కూర్చారు. పండుగను అన్యాచారంగా మార్చేస్తున్నాడన్నది వారి ఆరోపణ. మరునాడే తాత వేషధారి ఒకడు పట్టణ మందిరం కప్పు మీద ప్రత్యక్షమయ్యాడు. పత్రికలన్నీ ఈ సంగతి రాశాయి. క్లోద్ లెవీ స్ట్రాస్ అనే పేరుపొందిన మానవశాస్త్రవేత్త మరుసటి సంవత్సరం దాని మీద పెద్ద వ్యాసమే రాశాడు.

ఆ గురువుల ఉద్దేశం మంచిదే కావచ్చు. యేసు జన్మదినం యేసుదే కావాలని వారి తపన. అయితే ఆ 250 మంది పిల్లలు ఆ రోజు ఇంటికి ఏ జ్ఞాపకం తీసుకెళ్లి ఉంటారు? దేవుని మందిరం ముందు, పండుగకు రెండు రోజుల ముందు, తమను నవ్వించే తాతకు నిప్పు పెట్టిన జ్ఞాపకం. ఒక తప్పును సరిదిద్దే తీరు పిల్లల మనస్సులో దేవుని గురించి ఇంకొక తప్పు ముద్ర వేయకూడదు. తాతను వద్దనుకునే సంఘాలకు మా మనవి ఇదే. వద్దనుకుంటే మౌనంగా మానేయండి. పిల్లల ముందు తిట్టవద్దు.

మన గుమ్మం ముందు

మన తెలుగు ఊళ్లలో తాత ఇంత సులభంగా ఒదిగిపోవడానికి కారణం ఉందని మేము అనుకుంటాం. వేషం వేసుకుని గుమ్మం ముందుకు వచ్చేవారు మనకు కొత్త కాదు. పగటి వేషగాళ్లు ఊరూరా తిరిగిన నేల ఇది. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం మొదలైతే హరిదాసు నెత్తిన పాత్ర పెట్టుకుని, చేత చిడతలతో, పాడుతూ వీధిలోకి వస్తాడు. గంగిరెద్దులవారు వస్తారు. అదే రోజుల్లో మన కేరల్స్ రౌండు కూడా డోలక్కుతో, గంజీరాతో, కర్రకు కట్టిన నక్షత్రంతో అదే వీధిలో నడుస్తుంది. ఇరుగుపొరుగు హైందవ కుటుంబాల పిల్లలు కూడా తాతను చూడటానికి పరుగెత్తుకొచ్చేది అందుకే. వేషం వేసుకుని వచ్చేవాడిని ఎలా ఆదరించాలో ఆ గుమ్మానికి ముందే తెలుసు.

ఒక తేడా మాత్రం ఉంది. హరిదాసు గుమ్మం ముందు బియ్యం అందుకుని దీవిస్తాడు. అది ఆయన వృత్తి, గౌరవించదగినది. మన తాత ఇవ్వడానికి వస్తాడు. కనీసం అలాగే చెప్పుకుంటాం. మరి నిజంగా ఇవ్వడానికే వస్తున్నాడా?

ఇక్కడ కొంచెం కఠినంగా మాట్లాడక తప్పదు. చాలాచోట్ల కేరల్స్ రౌండు దారిని కానుకల కవరు నిర్ణయిస్తోంది. ఎక్కువ ఇచ్చే ఇంటి ముందు మూడు పాటలు, తాత డ్యాన్సు, ప్రార్థన, ఫొటోలు. తక్కువ ఇచ్చే ఇంటి ముందు ఒక పల్లవి. ఏమీ ఇవ్వలేని ఇంటికి "టైం అయిపోయింది" అనే మాట. మేము ఎరిగిన ఒక పేటలో, ఆ ఏడే భర్తను పోగొట్టుకున్న ఒక సహోదరి ఇద్దరు పిల్లల్ని నిద్రపోనివ్వకుండా, గుమ్మంలో లైటు వేసి అర్ధరాత్రి దాటేవరకు కూర్చుంది. డోలు చప్పుడు పక్క సందు వరకు వచ్చి మలుపు తిరిగి వెళ్లిపోయింది. "చావు జరిగిన ఇల్లు కదా, పండుగ చేసుకోరేమో అనుకున్నాం" అన్నారు. ఎవరూ ఆమెను అడగలేదు. ఆ పిల్లలకు ఆ రాత్రి అర్థమైంది ఒక్కటే. తాత అందరి ఇంటికీ రాడు.

నికొలాసు కథలో కిటికీ ఎవరిది? ఏమీ తిరిగి ఇవ్వలేని ఇంటిది. లూకా 14వ అధ్యాయంలో ప్రభువు విందుకు ఎవరిని పిలవమన్నాడు? తిరిగి పిలవలేనివారిని. మన రౌండు ఆ ఇంటిని దాటిపోతే, ఎర్ర అంగీ ఎంత శుభ్రంగా ఉతికి తొడిగినా మనం మత్తయి 6వ అధ్యాయంలోని బూర పక్కనే నిలబడి ఉన్నాం.

"మంచి పిల్లలకే" అనవద్దు

రెండవ దిద్దుబాటు మాటల్లో ఉంది. తాత రాగానే తల్లిదండ్రులు అనే మాట ఇది: "బుద్ధిగా ఉంటేనే తాత గిఫ్టు ఇస్తాడు, అల్లరి చేస్తే ఇవ్వడు." వేషం వేసినవాడు కూడా వేలు చూపిస్తూ, "నువ్వు మంచి అబ్బాయివేనా?" అని అడుగుతాడు. మంచి పిల్లల లిస్టు, చెడ్డ పిల్లల లిస్టు అనే ఈ ఆలోచన పడమటి పాటల ద్వారా మనదాకా వచ్చింది. వినడానికి ముచ్చటగా ఉంటుంది. క్రిస్మస్ సువార్తకు మాత్రం ఇది పూర్తిగా ఎదురు. మనమింకా పాపులమై ఉండగానే క్రీస్తు మన కొరకు చనిపోయాడని రోమా పత్రిక 5వ అధ్యాయం బోధిస్తుంది. మంచివారికి జీతంగా రక్షకుడు పుట్టలేదు. అర్హత లేనివారికి వరంగా పుట్టాడు.

ఇందులో ఇంకో ప్రమాదం కూడా ఉంది. కలిగినవారి బిడ్డకు సైకిల్ వస్తుంది, కూలికి వెళ్లే తల్లి బిడ్డకు రెండు చాక్లెట్లు వస్తాయి. మంచితనాన్ని బట్టే బహుమతి అన్నది నిజమైతే, ఆ రెండవ బిడ్డ తన గురించి ఏమనుకోవాలి? కాబట్టి తాత వేషం వేసే సహోదరులారా, పిల్లల్ని పరీక్ష పెట్టవద్దు. అల్లరి పిల్లవాడికి కూడా అదే చాక్లెట్, అదే చేతితో, అదే నవ్వుతో ఇవ్వండి. కృప అంటే ఏమిటో ఆదివార బడిలో ఏడాదంతా చెప్పినదాన్ని ఆ బిడ్డ మీ చేతి ద్వారా రుచి చూస్తాడు.

"తాతా, నువ్వు నిజమేనా?" అని బిడ్డ అడిగితే? అబద్ధం చెప్పనక్కరలేదు, ఆటను పాడుచేయనూ అక్కరలేదు. "చాలా కాలం క్రితం నికొలాసు అని ఒక మంచి అయ్యగారు ఉండేవారు. యేసయ్యను ప్రేమించి, పేదవారికి రహస్యంగా సాయం చేసేవారు. ఆయన గుర్తుగా నేను ఈ బట్టలు వేసుకున్నాను" అని చెబితే చాలు. అది నిజం, అది ఆనందం కూడా.

వేసేవారికి కొన్ని సూచనలు

సంతోషపెట్టాలన్న మనసు ఒక్కటే ఉంటే సరిపోదు, జాగ్రత్త కూడా కావాలి.

మొదటిది, భయపడే బిడ్డ. సుమారు ఎనిమిది నెలల వయసు నుండి రెండేళ్ల వరకు పిల్లలు కొత్త ముఖాలకు జంకడం సహజం. ముఖమే కదలని ప్లాస్టిక్ మాస్క్ అయితే ఇంకా హడలిపోతారు. ఏడుస్తున్న బిడ్డను బలవంతంగా తాత చేతుల్లో పెట్టి ఫొటో తీయడం మన ఇళ్లలో మామూలైపోయింది. దయచేసి మానండి. న్యూయార్క్‌లో 1986 నుండి ఆసుపత్రుల్లో పిల్లల్ని నవ్వించడానికి విదూషకులను పంపే పని మొదలైంది. ఆ పనిలో ఉన్నవారు పాటించే పద్ధతి ఒకటుంది. గది గుమ్మం దగ్గర ఆగి, లోపలికి రావచ్చా అని బిడ్డనే అడుగుతారు. వద్దంటే వెళ్లిపోతారు. అన్నిటికీ లొంగి ఉండవలసిన ఆ మంచం మీది బిడ్డకు, ఒక్క విషయంలో కాదనే హక్కు దొరుకుతుంది. మన తాత కూడా దూరంగా ఆగి, కింద కూర్చుని, బిడ్డ తానుగా వచ్చేవరకు ఎదురుచూడాలి. మాస్కు కంటే కళ్లు కనబడే గడ్డం మేలు.

రెండవది, భద్రత. ఏ బిడ్డతోనూ తాత ఒంటరిగా ఉండకూడదు. తల్లిదండ్రులో సంఘ పెద్దలో ఎదుటే ఉండాలి. ఇది వేషం వేసినవాడి మీద అనుమానం కాదు. బిడ్డకూ అతడికీ ఇద్దరికీ కాపుదల. ముఖం దాచుకున్నవాడెవరో సంఘానికి తెలిసి ఉండాలి. మందు తాగి వచ్చినవాడికి అంగీ ఇవ్వకూడదు, అతడు ఎవరి కొడుకైనా సరే.

మూడవది, నిప్పు. దూది గడ్డానికి నిప్పంటుకుంటే క్షణాల్లో ముఖం కాలుతుంది. క్యాండిల్ లైట్ సర్వీసుకు, టపాకాయలు కాల్చే చోటికి తాతను తీసుకురావద్దు. పొట్టకు దిండు, పైన మందపాటి అంగీ, మాస్కు పెట్టుకుని మూడు గంటలు ఎగిరితే ఊపిరాడదు. మధ్యమధ్య మాస్కు తీసి నీళ్లు తాగించండి. ఇద్దరు వంతులవారీగా వేస్తే ఇంకా మంచిది.

నాలుగవది, ఇరుగుపొరుగు. రాత్రి 10 నుండి ఉదయం 6 గంటల వరకు లౌడ్ స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి, ప్రభుత్వం ప్రత్యేకంగా సడలింపు ఇస్తే తప్ప. చట్టం సంగతి అటుంచినా, పక్కింట్లో జబ్బుమనిషి ఉన్నాడేమో, పొద్దున్నే పనికి వెళ్లవలసినవారు ఉన్నారేమో చూసుకోవాలి. వారి నిద్ర చెడగొట్టి సమాధానకర్త పుట్టాడని పాడితే వారు ఎలా నమ్ముతారు? అన్యమతస్థుల ఇంటికి పిలిస్తేనే వెళ్దాం. వెళ్లినప్పుడు వారి పిల్లలకు చాక్లెట్‌తోపాటు మరే ఒత్తిడీ పెట్టకుండా వద్దాం.

ఐదవది, కవరు. కానుక ఇచ్చే కవరును అక్కడే విప్పి చూడవద్దు, పేరు చదివి మైకులో చెప్పవద్దు. లెక్క సంఘ పెద్దల దగ్గర మరునాడు చూసుకోవచ్చు. కానుక పుచ్చుకునే పని తాతకు అప్పగించకండి. ఇచ్చే చేయిగా పిల్లలు చూసిన చేతిని పుచ్చుకునే చేయిగా మార్చవద్దు.

మాంసం తీసిపెట్టినవాడు కాదు

చివరిగా వాక్యానికి సంబంధించిన ఒక హెచ్చరిక. క్రిస్మస్ ప్రసంగాల్లో అప్పుడప్పుడు ఒక పోలిక వినబడుతుంది. తాత మన కోసం వేషం వేసుకుని వచ్చినట్టే దేవుడు మానవ వేషం వేసుకుని మన మధ్యకు వచ్చాడని. చెప్పేవారి భావం మంచిదే, పోలిక మాత్రం ప్రమాదకరమైనది. క్రీస్తుకు నిజమైన శరీరం లేదు, ఉన్నట్టు కనబడ్డాడంతే అని బోధించినవారు మొదటి శతాబ్దాల్లోనే ఉన్నారు. ఆ బోధను సంఘం తిరస్కరించింది. 1 యోహాను 4వ అధ్యాయం ఆ విషయంలో ఎంత గట్టిగా మాట్లాడుతుందో చదవండి. యేసుక్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోని ఆత్మ దేవునిది కాదంటుంది.

తాత అర్ధరాత్రికి గడ్డం విప్పి అట్టపెట్టెలో పెడతాడు. మన ప్రభువు మన శరీరాన్ని అలా తీసిపెట్టలేదు. ఆకలిగొన్నాడు, అలసిపోయాడు, ఏడ్చాడు, మేకుల గాయాలను పునరుత్థాన శరీరంలో కూడా ఉంచుకున్నాడు. వేషం వేసినవాడికీ శరీరధారియైనవాడికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని పిల్లలకు చెప్పగలిగితే తాత వల్ల యేసయ్యకు పోటీ రాదు. తాత దారి చూపించే బోర్డు లాంటివాడవుతాడు. ఊరి పేరు రాసిన బోర్డు దగ్గరే దిగిపోయి ఊరు వచ్చిందనుకునేవారు ఉండరు కదా.

కాబట్టి సంఘ పెద్దలకూ యవ్వనస్థులకూ మా మనవి ఇది. ఈ ఏడు రౌండుకు బయలుదేరే ముందు ఒక సాయంత్రం కలిసి కూర్చోండి. ఇళ్ల లిస్టు రాయండి. ఈ సంవత్సరం చావు జరిగిన ఇల్లు, మంచాన పడిన ముసలివారి ఇల్లు, తండ్రి విడిచిపోయిన పిల్లల ఇల్లు, కవరు ఇవ్వలేని ఇల్లు వీటిని లిస్టు పైభాగాన రాయండి. రావచ్చా అని ముందుగానే వెళ్లి అడిగి రండి. రమ్మంటే డోలు మొదటి దెబ్బ ఆ ఇంటి ముందే పడాలి. పిల్లలు మెలకువగా ఉన్నప్పుడే, మీ గొంతులో బలం ఉన్నప్పుడే, సంచి నిండుగా ఉన్నప్పుడే అక్కడికి వెళ్లండి. పెద్ద ఇళ్లు ఆలస్యమైనా ఏమీ అనుకోవు.

వేషం వేసే తమ్ముడికి కూడా ఒక మాట. నీ పేరు ఏ కరపత్రంలోనూ రాదు. స్టేజీ మీద శాలువా కప్పరు. ఫొటోల్లో నీ ముఖం ఉండదు. మరుసటి ఆదివారం నీకెదురైన పాప నిన్ను గుర్తుపట్టక పక్కనుంచే పరుగెత్తుతుంది. బాధపడకు. నీవు ఇచ్చినది రహస్యమందు చూచు తండ్రి చూశాడు, ఆ లెక్క ఆయన దగ్గర ఉంది.

పాఠకులందరికీ, మీ కుటుంబాలకూ క్రిస్మస్ శుభాకాంక్షలు. సమాధానకర్తయైన ప్రభువు మీ గుమ్మాలను, మీరు వెళ్లబోయే గుమ్మాలను దీవించును గాక. ఆమేన్.